జవాబుకి రెండు దెబ్బలు

రాత్రి తొమ్మిది దాటాక ఆ సందు చివరిదాకా ఎవరూ వెళ్ళరు.

పగలు చూస్తే మామూలు సందే. రెండు పక్కలా ఇళ్ళు, గోడల మీద పిల్లులు, గేట్ల ముందు స్కూటర్లు. చివర మాత్రం తాళం వేసిన ఇల్లు ఒకటి. ఇంటివాళ్ళు వేరే పేటకి వెళ్ళిపోయి పదేళ్ళు దాటింది. ఆవరణలో ఒక నిద్రగన్నేరు చెట్టు. ఇంటికంటే పెద్దది, సందులో సగాన్ని గొడుగులా కప్పేసింది. పొద్దు వాలగానే దాని ఆకులన్నీ ముడుచుకుంటాయి. నిద్రగన్నేరు ఎక్కడున్నా అంతే, అది దాని జాతి గుణం. ఆ సందువాళ్ళు మాత్రం ఒప్పుకోరు.

"నిద్ర కాదండీ అది. కళ్ళు మూసుకుంటుంది. మీద ఉన్నదాన్ని చూడలేక."

మీద ఏముంది?

చూసినవాళ్ళు లేరు. విన్నవాళ్ళున్నారు. గాలి వీచే రాత్రి చెట్టు పైనుంచి ఎవరో చెక్క మీద తట్టినట్టు — టక్… టక్. కాసేపటికి కింద మాను దగ్గర్నుంచి జవాబు — టక్, టక్. మళ్ళీ పైన. మళ్ళీ కింద. రెండూ కబుర్లు చెప్పుకుంటున్నట్టు…

రాత్రి డ్యూటీ దిగి వస్తున్న నర్సు ఒకావిడ అది విని, చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తింది. ఆ చెప్పులు వారం రోజులు అక్కడే ఉన్నాయట. తెచ్చిపెట్టే మగాడు ఆ సందులో దొరకలేదు.

ఆ చెట్టు వెనకే రేకుల గదిలో ఒక ఆడమనిషి ఒంటరిగా ఉంటుంది. ఇంటికి కాపలా. ఆవిడకి భయం లేదా అని అడిగితే, సందువాళ్ళు గొంతు తగ్గించి చెప్తారు — "ఆవిడకేం భయం? మీద ఉన్నది ఆవిడ మొగుడే కదా."

ఇది ఆవిడ తమ్ముడి కథ.

అతన్ని అందరూ ఉడత అంటారు. ఇళ్ళల్లో చెట్ల కొమ్మలు కొట్టడం అతని పని. చిన్నప్పుడు ఎవరో పెట్టిన పేరు. యాభై ఆరేళ్ళొచ్చి, పొట్ట పెరిగి, ఎడమ మోకాలు అరిగిపోయినా ఇంకా ఉడతే. ఎండలు మండే ఊరది. నీడ కోసం ప్రతి ఇంటివాళ్ళూ చెట్టు పెంచుతారు. గాలివాన కబురు రాగానే అదే చెట్టుని చూసి వణికిపోతారు.

"తల మొత్తం కొట్టి పారెయ్యవయ్యా, పీడా పోతుంది!" అంటారు.

"జుట్టు ఎక్కువైందని తల తీయించుకుంటామా బాబూ?" అంటాడు ఉడత. అతను చెట్టు లోపలి కొమ్మల్ని ఏరి ఏరి తీస్తాడు. గాలి అటునుంచి ఇటు దూరి వెళ్ళిపోవాలి. గాలికి దారిస్తే చెట్టు నిలబడుతుంది, లేకపోతే గాలి చెట్టునే దారి చేసుకుంటుంది. అతను ఎవరికి చెప్పినా ఇదే చెప్తాడు. వినకపోతే తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. మీద ఉన్నవాడు కొమ్మ కోసేముందు, కత్తి వెనక్కి తిప్పి మానుకి మూడు దెబ్బలు తట్టాలి. అంటే — "కొయ్యనా?" కింద తాడు పట్టేవాడు మాను మొదట్లోకి వచ్చి నిలబడి, కర్రతో రెండు దెబ్బలు తట్టాలి. అంటే — "వచ్చేశా, కొయ్యి." అరుపులు పనికిరావు. గాలిలో "ఆగు" అన్నా "లాగు" అన్నా ఒకటే. మాను దగ్గరున్నవాడి మీద కొమ్మ పడదు. మాను దగ్గరుంటే తప్ప మానుని తట్టలేడు. అందుకే ఆ రెండు దెబ్బలు.

పదిహేనేళ్ళు ఉడతకి కింద నిలబడ్డవాడు వాళ్ళ బావ. అక్క మొగుడు. ఎడమచేతి వాటం మనిషి. తాడు చుట్టినా ఎడమవైపుకే చుట్టేవాడు. పొద్దున్నే ఉడత దాన్ని విప్పబోతే మెలికలు పడేది.

"బావా, నువ్వు చుట్టిన తాడు విప్పాలంటే నేను తలకిందులుగా నిలబడాలి."

"నిలబడు. ఉడతవేగా," అనేవాడు బావ.

పదకొండేళ్ళ కింద ఒక సాయంత్రం, ఇదే నిద్రగన్నేరు. ఆ రోజూ గాలివాన ముందే. ఉడత పైన, బావ కింద. ఉడత మూడు తట్టాడు. ఆగాడు. రెండు వినిపించాయి. కోశాడు.

కొమ్మ విరుగుతుండగా కిందకి చూశాడు…

బావ మాను దగ్గర లేడు. కొమ్మ కింద వంగి ఉన్నాడు. ఇంటావిడ పూలకుండీ ఒకటి మరిచిపోయినట్టుంది — దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

తర్వాత అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. మాను దగ్గర లేనివాడు మానుని ఎలా తట్టాడు? అక్క కూడా ఒక్కసారే అడిగింది.

"జవాబు వచ్చేదాకా ఆగావా?"

"ఆగానక్కా. విన్నాను. రెండూ విన్నాను."

అక్క అతని మొహంలోకి చూసింది. "తొందరపడ్డానని చెప్తే క్షమించేదాన్నేమో. అబద్ధం కూడా ఆడతావా?" అని తలుపు వేసుకుంది. పదకొండేళ్ళయింది. ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇంటివాళ్ళు ఆ ఇంట్లో ఉండలేక వెళ్ళిపోతూ, ఆమెకి వెనక గది ఇచ్చి కాపలా పెట్టారు. ఉడత ఇంకెవర్నీ కింద నిలబెట్టుకోలేదు. ఒక్కడే ఎక్కుతాడు, ఒక్కడే దిగుతాడు. తాళ్ళు వేలాడదీసిన గదిలో ఒక్కడికే వండుకుని, ఒక్క గిన్నే కడుక్కుంటాడు. అయినా కోసేముందు మూడు తడతాడు. పది అంకెలు లెక్కపెడతాడు. జవాబు రాదు. అప్పుడు కోస్తాడు.

"ఎవర్ని అడుగుతున్నావయ్యా?" అని ఇళ్ళవాళ్ళు నవ్వుతారు.

"చెట్టుని," అంటాడు.

మొదట్లో తను విన్నానని గట్టిగా వాదించేవాడు. తర్వాత తర్వాత, రాత్రిళ్ళు నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతూ తననే అడిగేవాడు — నిజంగా విన్నానా? వినాలనుకున్నానా?… చివరికి తన మాట తనకే నమ్మకం లేకుండా పోయింది.

అలాంటి ఉడతకి ఆ తాళం వేసిన ఇంటాయన ఫోన్ చేశాడు. గాలివాన తెల్లవారుజామున వస్తుందని రేడియోలో చెప్పిన రోజది. ఉడత పొద్దున్నుంచీ నాలుగిళ్ళ చెట్లు దిగి, ఐదో ఇంట్లో మంచినీళ్ళు తాగుతున్నాడు.

"ఆ చెట్టు పెద్ద కొమ్మ మొదట్లో చీలిందయ్యా. సరిగ్గా మీ అక్క గది మీదకి ఉంది. ముగ్గురు పనివాళ్ళని అడిగాను. ఆ చెట్టంటే ఒక్కడూ రానంటున్నాడు. ఆవిడేమో గది ఖాళీ చెయ్యనంటోంది."

ఉడత గ్లాసు కింద పెట్టాడు. "నేనెళ్తానండి," అన్నాడు.

అక్కడికి చేరేసరికి రాత్రి పది. ఆటోవాడు సందు మొదట్లోనే బండి ఆపేశాడు.

"ఇక్కడే దిగు బాబాయ్."

"చివరిదాకా పోనీరా. తాళ్ళు బరువు."

"నాకు పెళ్ళయి ఆర్నెల్లే అయింది బాబాయ్. నువ్వు పెద్దవాడివి, నీకు పర్లేదు," అని తాళ్ళ మూట కిందికి దించి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఉడత ఒక్కడే నడిచాడు. గాలి లేదు. ఉక్క. ఇళ్ళన్నీ కిటికీలు బిగించుకుని ఉన్నాయి. చివర, ఆకులు ముడుచుకున్న చెట్టు… సన్నబడిన కొమ్మల మధ్య ఆకాశం కనిపిస్తోంది. వెనక గదిలో చిన్న దీపం.

తలుపు ముందు నిలబడ్డాడు. ఏమని పిలవాలో తెలియలేదు.

"అక్కా… నేను."

లోపల అలికిడి లేదు.

"కొమ్మ చీలింది. తెల్లారేలోపు పడుతుంది. రెండు గంటలు అలా వీధి అరుగు మీద కూర్చో. ముక్కలు ముక్కలుగా దించేస్తాను."

తర్వాత తలుపు వెనక నుంచి, అతనికి పదకొండేళ్ళుగా వినిపించని గొంతు —

"ఆ కొమ్మ జోలికి వెళ్ళకు."

"నీ మీద పడుతుందక్కా!"

"పడనీ. ఒకర్ని వేశావు, రెండోది నేను. లెక్క సరిపోతుంది."

లోపల గొంతు ఇంకా కిందికి దిగింది, గుసగుసలాగా.

"ఆ కొమ్మ మీదే ఉంటాడు ఆయన. బతికున్నన్నాళ్ళూ కింద నిలబడ్డాడు, ఇప్పుడు పైకెక్కాడు. రాత్రి గాలేస్తే తడతాడు. నేను రోకలి తీసుకెళ్ళి మానుకి రెండు తడతాను. కింద జవాబు చెప్పేవాళ్ళు ఒకరుండాలి కదా… సందువాళ్ళు దెయ్యమంటారు. అననీ. నాకు ఈ ఊళ్ళో మాట్లాడే మనిషి అదొక్కటే."

ఉడత గేటు వైపు ఒకడుగు వేశాడు. కానీ వెనక్కి తిరిగితే తెల్లారేసరికి ఆ రేకుల కింద ఏముంటుందో అతనికి తెలుసు. నుదుటి లైటు బిగించాడు. నడుముకి తాడు కట్టాడు. ఎక్కాడు.

మాను చల్లగా ఉంది. మొదటి పంగ. రెండో పంగ. అరిగిన మోకాలు కలుక్కుమంది. సందు దీపాలు ఆకుల కింద ఉండిపోయాయి.

అప్పుడు మొదలైంది గాలి. ముందు ఒక్క ఊపిరి. తర్వాత ఇంకొకటి…

టక్.

ఉడత మానుని కరుచుకున్నాడు.

టక్… టక్.

దూరంగా కాదు. అతని వెనకే. వీపుకి జానెడు దూరంలో.

"బావా…" అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయి.

గాలి మళ్ళీ వీచింది. చల్లగా, గుండ్రంగా ఉన్నదేదో వచ్చి భుజానికి తగిలింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చి తగిలింది. ఎవరో వేళ్ళు మడిచి భుజం తట్టినట్టు…

మెడ తిప్పడానికి అతనికి ఎంతసేపు పట్టిందో తెలియదు.

లైటు వెలుగులో కనిపించింది — కప్పీ. కొమ్మలు కిందికి దించేటప్పుడు తాడు తిరిగే చెక్క కప్పీ. నాచు పట్టి, ఎండకి పగిలి, చివికిపోయిన తాడు ముక్కకి వేలాడుతోంది. నాచు గీకితే ఎర్రరంగు చార. బావ వేసిన గుర్తు. ఆ సాయంత్రం ఈ కొమ్మకే కట్టారు. తర్వాత ఎవరికి గుర్తుంటుంది కప్పీ? ఎవరో పట్టుకుపోయి ఉంటారనుకున్నాడు. ఆ చెట్టు మళ్ళీ ఎవరూ ఎక్కలేదు.

ఉడతకి నవ్వొచ్చింది. దెయ్యం! పదకొండేళ్ళుగా ఒక సందుని వణికించింది ఇదా!

నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కప్పీని చేత్తో వెనక్కి లాగి, వదిలాడు. అది వెళ్ళి కొమ్మకి కొట్టుకుంది, ఎగిరి మళ్ళీ కొట్టుకుంది.

టక్, టక్.

మానుకి చెవి ఆనించి మళ్ళీ వదిలాడు. చప్పుడు కర్రలోంచి పాకి, కిందనుంచి వచ్చినట్టే వినిపించింది. రెండు దెబ్బలు. కర్రతో ఎవరో తట్టినట్టు…

విన్నాడు. ఆ రోజు అతను నిజంగా విన్నాడు. అబద్ధం ఆడలేదు. గాలి తట్టింది, బావ అనుకుని కోశాడు. అంతే జరిగింది.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడే దిగాలి. ఈ కప్పీ తీసుకెళ్ళి ఆ తలుపు ముందు పెట్టాలి. ఇదిగో అక్కా, ఇదీ నేను విన్నది! పదకొండేళ్ళు నువ్వు తలుపేసుకున్నది ఇందుకు! ఒక్క కేక వేస్తే చాలు. నోరు తెరిచాడు —

కిందనుంచి, టక్, టక్.

అక్క. అతను తట్టించిన కప్పీకి జవాబు చెప్తోంది. లైటు ఆర్పి కిందకి చూశాడు. మాను మొదట్లో ముసుగేసుకున్న ఆకారం. చేతిలో రోకలి. గాలి కాస్త ఆగింది. పైకి చూస్తూ, మెల్లగా మాట్లాడుతోంది. అతనితో కాదు.

"వినిపిస్తోందా… వాడు పైకొచ్చాడు. నేను రమ్మనలేదు, మొండివాడు, ఎక్కేశాడు. వాణ్ణేమీ అనకు. మోకాలు బాగోలేదు వాడికి, దిగేటప్పుడు జారుతుంది… కాస్త పట్టుకో."

ఉడత నోరు మూసుకున్నాడు.

కప్పీ వైపు చూశాడు. అతనికి అది తన నిజాయితీ. ఆమెకి అది… ఈ ఊళ్ళో మాట్లాడే ఒకే ఒక్క మనిషి. కిందికి తీసుకెళ్తే అతని పేరు నిలబడుతుంది. రేపు రాత్రి గాలేస్తే, ఆమె రోకలి పట్టుకుని వస్తుంది. పైన ఏమీ ఉండదు.

దూరంగా మెరిసింది.

తర్వాత లైటు వేసి, చివికిపోయిన తాడు కోసి, కప్పీని తీసి, చెట్టుకి అటువైపు, కింద ఇంటి కప్పు ఏదీ లేని గట్టి కొమ్మకి కొత్త తాడుతో కట్టాడు. మూడు ముడులు వేశాడు. లాగి చూశాడు. గాలి దాన్ని అందుకుంది. టక్… టక్. విప్పాలంటే తనే బలమంతా పెట్టాల్సినంత గట్టిగా బిగిసింది ముడి.

అప్పుడు చీలిన కొమ్మ మీదకి వచ్చాడు. కింది నుంచి ఒక గాటు పెట్టాడు, బెరడు చీరుకుపోకుండా. ముక్కకి తాడు కట్టి, తాడుని మానుకి రెండు చుట్లు తిప్పాడు. కత్తి వెనక్కి తిప్పి, మూడు తట్టాడు. పది లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు…

కిందనుంచి, కర్ర మీద కర్ర. టక్, టక్.

ఈసారి గాలి కాదు. తొంగి చూశాడు. మాను మొదట్లోనే నిలబడి ఉంది.

కోశాడు. ఎనిమిది ముక్కలు. ఎనిమిది సార్లు అడిగాడు. ఎనిమిది సార్లు జవాబు వచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి అతను ఒంటరిగా పని చెయ్యలేదు.

దిగేసరికి గాలి ఊళ వేస్తోంది. సామానంతా, తాళ్ళూ రంపాలూ, తాళం వేసిన ఇంటి మెట్ల మీద పెట్టి టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. అప్పుడు పడింది మొదటి చినుకు.

గది తలుపు తెరిచే ఉంది.

"తడుస్తావు. లోపలికి రా," అంది అక్క. తువ్వాలు విసిరింది. జుట్టు మొత్తం తెల్లబడింది ఆమెకి. కాసేపు అతన్ని చూసి, "పొట్టేమిటిరా అంత?" అంది.

"ఒక్కడికే వండితే మిగుల్తుందక్కా. పారెయ్యలేక తింటాను."

ఆమె నవ్వలేదు. కానీ పక్కన చోటిచ్చింది. వాన రేకుల మీద విరుచుకుపడింది.

"కనిపించాడా?" అని అడిగింది కాసేపటికి.

ఉడత మోకాలు తడుముకున్నాడు. "చీకటి కదా. కనిపించలేదు."

"ఉన్నాడా?"

"ఉన్నాడు."

ఆ రాత్రంతా, ఆ హోరులో కూడా, పైనుంచి చప్పుడు వినిపిస్తూనే ఉంది. టక్… టక్. ముడి గట్టిగానే పట్టిందనుకున్నాడు ఉడత. అక్క గోడకి ఆనుకుని వింటూ వింటూ నిద్రపోయింది.

తెల్లారేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. ఆకు కదలడం లేదు. చెట్టు నిలబడే ఉంది. తడిసిన ఆకులు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. ఉడత మెట్ల దగ్గరికెళ్ళాడు. నాలుగు ఇటుకలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. టార్పాలిన్ ఎత్తాడు.

తాళ్ళ మీద, పొడిగా, కప్పీ ఉంది.

ఎర్రచార. అదే కప్పీ. దాని కొత్త తాడు ఎక్కడా తెగలేదు. మూడు ముడులూ ఎవరో తీరిగ్గా విప్పి, తాడుని చక్కగా చుట్టి పెట్టారు.

ఎడమవైపుకి చుట్టారు.

ఉడత మానుదాకా ఎలా నడిచాడో అతనికే తెలియదు. కప్పీ చేతిలోనే ఉంది. తల ఎత్తాడు. రాత్రి తను కట్టిన కొమ్మ బోసిగా ఉంది. తాడు ఒరుసుకున్న గుర్తు తప్ప ఏమీ లేదు. మరి రాత్రంతా తట్టింది —

టక్. టక్. టక్.

మూడు. లెక్కగా. నిదానంగా. పనివాడు అడిగినట్టు.

"ఏరా," గదిలోంచి నిద్రగొంతుతో అక్క. "మాను దగ్గర నువ్వే కదా ఉన్నావు! పైన అడుగుతున్నాడు. జవాబు చెప్పవేం?"

ఉడత చెయ్యెత్తాడు. చేతిలోని కప్పీతోనే, మానుకి రెండు సార్లు తట్టాడు.